బిస్కెట్ల ఊరిలో ఒక వేసవి

2023 వేసవిలో మా అమ్మాయిని చూడటానికి ఇంగ్లండు వెళ్ళాను. పెట్టెలో ఆవకాయ సీసాలు, కందిపొడి, మనుమడి కోసం సున్నుండలు సర్దుకున్నాను. మనసులో మాత్రం ఒకే ఒక మాట సర్దుకున్నాను. "పన్నెండేళ్ళయింది. ఇక చాలమ్మా, మన ఊరికి వచ్చెయ్యండి" అన్నదే ఆ మాట.

అమ్మాయీ అల్లుడూ అక్కడ ఇల్లు కొనబోతున్నారని ఫోనులో విన్ననాటి నుండి నాకు సరిగా నిద్ర పట్టలేదు. అద్దె ఇంట్లో ఉన్నంతకాలం మనిషి ప్రయాణంలో ఉన్నట్టే. సొంత ఇల్లు కొన్ననాడు ప్రయాణం ముగిసినట్టు. వాళ్ళ ప్రయాణం అక్కడ ముగియడం నాకు ఇష్టం లేదు.

వాళ్ళుండే ఊరు లండనుకు పడమరగా సుమారు 60 కిలోమీటర్ల దూరంలో ఉంది. కెన్నెట్ నది వచ్చి థేమ్స్ నదిలో కలిసేది అక్కడే. ఇంగ్లీషులో 'చదవడం' అనే మాటను ఏ అక్షరాలతో రాస్తారో ఈ ఊరి పేరునూ ఆ అక్షరాలతోనే రాస్తారు. విమానాశ్రయంలో బస్సు ఎక్కుతూ నేను 'రీడింగ్' అన్నాను. డ్రైవరు నవ్వి 'రెడింగ్' అని సరిదిద్దాడు. పూర్వం అక్కడ స్థిరపడిన ఒక ఆంగ్లో శాక్సన్ తెగ వారి పేరు మీద ఊరికి ఆ పేరు వచ్చిందట. చదువుకూ దానికీ సంబంధం లేదు. పేరునే తప్పుగా చదివినవాడిని, ఊరిని కూడా మొదట తప్పుగానే చదివాను.

పగలు అమ్మాయి, అల్లుడు ఉద్యోగాలకు, మనుమడు బడికి వెళ్ళిపోయేవారు. నేను ఊరు చూడటానికి బయలుదేరేవాడిని. మొదటి నాలుగు రోజులూ రైల్వే స్టేషను పరిసరాలలోనే తిరిగాను. ఎటు చూసినా అద్దాల మేడలు. మెడలో గుర్తింపు కార్డులు వేసుకుని పరుగులు తీసే జనం. ఆ జనంలో అప్పుడప్పుడు మన తెలుగు మాటలు కూడా చెవిన పడేవి. స్టేషను కూడా కొత్తదే. పాతదాన్ని విస్తరించి కట్టిన దానిని 2014లో ఎలిజబెత్ రాణి ప్రారంభించారు. లండనుకు అరగంటలోపు చేర్చే రైళ్ళు ఉన్నాయి.

ఆ రాత్రి భోజనాల దగ్గర అన్నాను. "ఏమమ్మా, ఈ ఊరికి ఊరి లక్షణం ఏముంది? నిన్న కట్టినట్టుంది. రేపు విప్పి మరో చోటికి తీసుకుపోవచ్చు అనిపిస్తుంది."

అమ్మాయి వడ్డిస్తూ శాంతంగా బదులు చెప్పింది. "నాన్నగారూ, మీరు స్టేషను ఒక్కటే చూశారు. మన ఊరికి వచ్చినవాళ్ళు బస్టాండు చూసి వెళ్ళిపోతే మీరు ఒప్పుకుంటారా? రేపు మార్కెట్ ప్లేస్ వైపు వెళ్ళండి."

మా ఊరి పేరు ఎత్తితే నేను కాదనలేనని దానికి తెలుసు. మాది గోదావరి కాలువ గట్టున ఉన్న సంత ఊరు. బుధవారం వచ్చిందంటే చుట్టుపక్కల ఇరవై గ్రామాల జనం మా ఊళ్ళోనే ఉండేవారు. ఊరి చివర చక్కెర మిల్లు ఉండేది. అందులో నేను ముప్పై ఒక్క సంవత్సరాలు లెక్కల గుమాస్తాగా పనిచేశాను. 2002లో మిల్లు మూతపడింది. ఆ తరువాత సంత పలచబడింది. ఊళ్ళో పిల్లలు ఒక్కొక్కరే బయటికి వెళ్ళిపోయారు. అలా వెళ్ళినవారిలో మా అమ్మాయి ఒకతె.

మరునాడు మార్కెట్ ప్లేస్‌కు వెళ్ళాను. మూడు కోణాలుగా ఉన్న చిన్న అంగడి కూడలి అది. మధ్యలో ఒక రాతి స్తంభం ఉంది. జాన్ సోన్ అనే ప్రసిద్ధ వాస్తుశిల్పి రూపకల్పనలో 1804లో దానిని నిలిపారు. పక్కనే సెయింట్ లారెన్స్ చర్చి. ఆ రోజున కూడలిలో భోజన పదార్థాలమ్మే బండ్లు బారులు తీరి ఉన్నాయి. ఉల్లిపాయలు వేగుతున్న వాసన వచ్చింది. నాకు ప్రాణం లేచి వచ్చినట్టయింది. ఎన్ని శతాబ్దాలు గడిచినా సంత స్థలానికి సంత లక్షణం పోదు కదా అనుకున్నాను.

ఆ కూడలి అక్కడే ఎందుకు వెలిసిందో తెలుసుకుంటే నాకు మన దేవాలయాల ముందరి అంగడి వీధులు గుర్తుకు వచ్చాయి. 1121లో ఇంగ్లండు రాజు మొదటి హెన్రీ ఇక్కడ గొప్ప మఠం ఒకటి స్థాపించాడు. నాటి ఇంగ్లండులోని పెద్ద మఠాలలో అది ఒకటి. మఠం సింహద్వారం బయట సంత పెరిగింది. సంత చుట్టూ ఊరు పెరిగింది. అంతకు ముందు ఊరు లేదని కాదు. 1086లో రాయించిన డూమ్స్‌డే లెక్కల గ్రంథంలోనే దాని పేరు ఉంది. అయితే ఊరి నడిబొడ్డును తన వైపు లాగినది మాత్రం ఆ మఠమే. రాజును 1136లో అక్కడే సమాధి చేశారు.

నాలుగు వందల ఏళ్ళ తరువాత ఎనిమిదవ హెన్రీ దేశంలోని మఠాలన్నిటినీ రద్దు చేశాడు. 1539లో ఈ మఠం చివరి అధిపతి హ్యూ ఫారింగ్డన్‌కు మరణశిక్ష విధించారు. చెక్కిన రాళ్ళన్నీ వేరే కట్టడాలకు తరలిపోయాయి. లోపలి చెకుముకి రాళ్ళ గోడలు మాత్రం మొండిగా నిలిచాయి. నేను ఆ శిథిలాల మధ్య చాలాసేపు కూర్చున్నాను. మఠం కూలినప్పుడు, ఇక ఈ ఊరి పని అయిపోయిందని ఆనాటి వాళ్ళు అనుకుని ఉంటారు. మా మిల్లు మూతపడిన నాడు నేనూ అలాగే అనుకున్నాను.

శిథిలాలను ఆనుకుని ఫోర్బరీ తోట ఉంది. అందులో పెద్ద ఇనుప సింహం విగ్రహం చూశాను. దానిని 1886లో నెలకొల్పారు. అఫ్ఘనిస్తాన్ యుద్ధంలో మరణించిన 66వ బెర్క్‌షైర్ పటాలం సైనికులకు అది స్మారకం. 329 మంది పేర్లు పీఠం మీద ఉన్నాయి. షెర్లాక్ హోమ్స్ కథల్లోని డాక్టర్ వాట్సన్ గాయపడినది ఆ పటాలం పోరాడిన మైవాండ్ యుద్ధంలోనే. 1880 జూలై 27న జరిగిన ఆ పోరులో బొంబాయి పటాలాల భారతీయ సిపాయిలు కూడా వారి పక్కనే నిలిచి ప్రాణాలు విడిచారు. వారి పేర్లు ఆ పీఠం మీద లేవు. ఊరు తన బిడ్డల పేర్లు రాసుకుంది. మన సిపాయిల పేర్లు రాయవలసినవారు మనమే కదా అనిపించి మనసు బరువెక్కింది.

తోట పక్కనే పాత జైలు. ఆస్కార్ వైల్డ్ అనే రచయిత 1895 నుండి 1897 వరకు అందులో శిక్ష అనుభవించాడు. 2013లో ఆ జైలును మూసివేశారు. మఠం సింహద్వారం పైగదులలో ఒకప్పుడు బాలికల పాఠశాల ఉండేది. జేన్ ఆస్టెన్ చిన్నతనంలో కొంతకాలం అక్కడ చదువుకుంది. ఇదంతా పావుగంట నడకలోనే ఉంది.

ఆ తరువాత నేను చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి. కెన్నెట్ నది ఒడ్డున 'ఒరాకిల్' అనే పెద్ద అంగళ్ళ సముదాయం ఉంది. 1999లో ప్రారంభమయింది. సాఫ్ట్‌వేర్ సంస్థ ఒకటి అదే పేరుతో ఉందని మన తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. ఊరి పొలిమేరలో ఆ సంస్థకు కార్యాలయం ఉందని అల్లుడు చెప్పి ఉన్నాడు. "చూశావా, కంపెనీ పేరు అంగడికి కూడా తగిలించారు" అన్నాను వెటకారంగా. అల్లుడు వినయంగా అసలు సంగతి చెప్పాడు. జాన్ కెండ్రిక్ అనే బట్టల వర్తకుడు 1624లో చనిపోతూ ఈ ఊరి పేద నేత పనివారి కోసం 7,500 పౌండ్లు వీలునామాలో రాశాడు. ఆ సొమ్ముతో కట్టిన పనిశాలకు 'ఒరాకిల్' అనే పేరు ఉండేది. ఊరిలో బట్టల వ్యాపారం క్షీణించింది. పనిశాల ఆశించిన ఫలితం ఇవ్వలేదు. 19వ శతాబ్దంలో దానిని పడగొట్టారు. అయినా అదే చోట కొత్త అంగళ్ళు కట్టినప్పుడు ఊరివారు ఆ పాత పేరునే పెట్టుకున్నారు. నేను ఏమీ అనలేక మజ్జిగ తాగి లేచాను.

మఠం, బట్టలు పోయాక ఈ ఊరిని నిలబెట్టినవి మూడు వ్యాపారాలు. బీరు, విత్తనాలు, బిస్కెట్లు. సైమండ్స్ వారి సారాయి బట్టీ 1785లో మొదలైంది. ఇందాక చెప్పిన ఇనుప సింహాన్ని మలచిన జార్జ్ బ్లాకాల్ సైమండ్స్ ఆ కుటుంబంవాడే. సటన్ వారి విత్తనాల వ్యాపారం 1806లో మొదలైంది. 1840లో దేశమంతటికీ ఒక్క పెన్నీ తపాలా వచ్చాక, విత్తనాల పొట్లాలు ఉత్తరాలలాగా ఇంటింటికీ వెళ్ళాయి. కలకత్తాలో కూడా వారి శాఖ ఉండేది.

బిస్కెట్ల కథ ఇంకా ముచ్చటైనది. లండను నుండి బాత్ నగరానికి వెళ్ళే గుర్రపు బండ్లు ఈ ఊళ్ళో ఆగేవి. 1822లో జోసెఫ్ హంట్లీ లండన్ స్ట్రీట్‌లో చిన్న కొట్టు పెట్టి ఆ ప్రయాణికులకు బిస్కెట్లు అమ్మాడు. దారిలో బిస్కెట్లు విరిగిపోకుండా రేకు డబ్బాలు వచ్చాయి. ఆ డబ్బాలే తరువాత కంపెనీకి ప్రపంచమంతటా పేరు తెచ్చాయి. 1840లో రైలు వచ్చింది. 1841లో జార్జ్ పామర్ వ్యాపారంలో భాగస్థుడయ్యాడు. అయిదేళ్ళలో కింగ్స్ రోడ్డులో ఆవిరి యంత్రాల కర్మాగారం లేచింది. 1900 నాటికి హంట్లీ అండ్ పామర్స్ ప్రపంచంలోనే అతి పెద్ద బిస్కెట్ల సంస్థ. అయిదు వేల మందికి పైగా అక్కడ పనిచేసేవారు. దక్షిణ ధ్రువానికి బయలుదేరిన కెప్టెన్ స్కాట్ కూడా ఇక్కడి బిస్కెట్లే తీసుకువెళ్ళాడు. ఊరి ఫుట్‌బాల్ జట్టును 'బిస్కెట్లవాళ్ళు' అని పిలిచేవారు.

1976లో హంట్లీ అండ్ పామర్స్ ఈ ఊరిలో బిస్కెట్ల తయారీ ఆపివేసింది. అదే సంవత్సరం సటన్ వారు కూడా టార్కీ పట్టణానికి తరలిపోయారు. బీరు కర్మాగారం మొదట ఊరి బయటికి మారి, 2010లో పూర్తిగా మూతపడింది.

ఈ వివరాలలో చాలా భాగం నేను టౌన్ హాలులోని మ్యూజియంలో తెలుసుకున్నాను. అక్కడ ఒక గది నిండా బిస్కెట్ డబ్బాలే ఉన్నాయి. పుస్తకాల దొంతరలాంటి డబ్బా ఒకటి చూసి నిజమైన పుస్తకాలే అనుకున్నాను. ఒక డబ్బా ముందు నిలబడి ఉండగా నా పక్కన ఒక వృద్ధురాలు వచ్చి నిలిచింది. ఎనభై దాటి ఉంటాయి. "ఇటువంటివి నేను వేల కొద్దీ కట్టాను" అంది. పదిహేనవ ఏట ఆమె ఆ కర్మాగారంలో చేరిందట. మూసేసే రోజు వరకూ పనిచేసిందట.

ఇద్దరం బల్ల మీద కూర్చున్నాం. ఆమె చెబుతుంటే నేను విన్నాను. బిస్కెట్లు కాల్చే కమ్మని వాసన ఊరంతా పరుచుకునేదట. విరిగిన ముక్కలను పనివాళ్ళకు చౌకగా ఇచ్చేవారట. తన పిల్లలు ఆ ముక్కలతోనే పెరిగారని చెప్పి నవ్వింది. మా మిల్లు గురించి నేనూ చెప్పాను. చెరకు ఆడే రోజుల్లో ఊరంతా బెల్లపు పాకం వాసన వచ్చేదని, తెల్లవారుజామున మిల్లు కూత విని ఆడవాళ్ళు పొయ్యి వెలిగించేవారని చెప్పాను.

ఆమె శ్రద్ధగా విని ఒక ప్రశ్న వేసింది. "మీ మిల్లు గుర్తుగా మీ ఊరివాళ్ళు ఏమి దాచుకున్నారు?"

నేను సమాధానం చెప్పలేకపోయాను. మిల్లు యంత్రాలను తుక్కు కింద అమ్మారు. జీతాల రిజిస్టర్లు వానకు తడిసి చీడ పట్టాయి. ఆ స్థలంలో ఇప్పుడు కూలిన ప్రహరీ, సర్కారు తుమ్మ చెట్లు ఉన్నాయి. నా బల్ల సొరుగులో మాత్రం ఒక ఇత్తడి బిళ్ల ఉంది. చెరకు బండి కాటా ఎక్కే ముందు బండివానికి ఇచ్చే బిళ్ల అది. చివరి రోజున ఎందుకో జేబులో వేసుకున్నాను. ఇరవై ఏళ్ళుగా దానిని ఎవరికీ చూపలేదు. మిల్లు మూసినవారిని తిట్టుకోవడంలోనే నా కాలమంతా గడిచింది. మిల్లును గుర్తుంచుకోవలసిన పని నాది కూడా అని ఎప్పుడూ తోచలేదు.

"ఫ్యాక్టరీ పోయినప్పుడు మీకు బాధ కలగలేదా?" అని అడిగాను.

"ఎందుకు కలగలేదు? చాలా ఇళ్ళలో దీపం ఆరినట్టయింది" అంది. "కానీ ఊరు ఆగలేదు. దారి ఇక్కడే ఉంది కదా."

ఆమె చివరి మాటను ఇంటికి వచ్చాక కూడా ఆలోచించాను. మఠం, బట్ట, బిస్కెట్టు ఒకదాని తరువాత ఒకటి పోయాయి. పోనిది దారి ఒక్కటే. మొదట రెండు నదులు. ఆ తరువాత బాత్ బాట. 1840లో రైలు. 1971లో ఎం4 మోటారు రహదారి. ఆ దారి వెంటనే కంప్యూటర్ సంస్థలు వచ్చాయి. ఆ దారి వెంటనే మనుషులూ వచ్చారు. పల్లెల నుండి బిస్కెట్ల పనికి ఆడపిల్లలు వచ్చారు. 1950ల తరువాత బార్బడోస్ దీవి నుండి కుటుంబాలు వచ్చాయి. ఇప్పుడు మా అమ్మాయి వచ్చింది. సంత ఊరు అంటే అదే కదా. సరుకు మారుతుంది, అమ్మేవారు మారుతారు. కాని వచ్చినవారికి చోటిచ్చే గుణం మారదు.

ఇంకొక విశేషం ఉంది. 2021 జనాభా లెక్కల ప్రకారం ఈ ఊరిలో 1,74,224 మంది ఉన్నారు. అయినా చట్ట ప్రకారం ఇది నగరం కాదు. ఆ దేశంలో నగర హోదా రాజముద్రతో రావాలి. 2000, 2002, 2012, 2022 సంవత్సరాలలో ప్రయత్నించినా ఆ హోదా రాలేదు. అద్దాల మేడలు ఎన్ని లేచినా కాగితం మీద అది నేటికీ పట్టణమే.

నేను తిరిగి వచ్చే ముందు ఆదివారం, అమ్మాయి తాము కొనబోయే ఇల్లు చూపించింది. అది కింగ్స్ రోడ్డుకు తూర్పున ఉన్న న్యూటౌన్‌లో ఉంది. బిస్కెట్ల కర్మాగారం పనివారి కోసం వెలసిన పేట అది. ఒకదానికొకటి ఆనుకుని వరుసగా ఉన్న చిన్న ఇళ్ళు. గోడలలో ఎర్ర ఇటుకల మధ్య లేత రంగు ఇటుకలు పేర్చి ముగ్గులాంటి అల్లిక చేశారు. కూలివాని ఇంటికి కూడా అంత ముచ్చట పడి గోడ కట్టిన మేస్త్రీ ఎవరో! నేను ఆ గోడను చేత్తో తడిమి చూశాను.

"నాన్నగారూ, మీరు నాతో ఏదో చెప్పాలని వచ్చారు. వచ్చిన రోజు నుండీ చూస్తున్నాను" అంది అమ్మాయి.

నేను కాసేపు ఆగాను. పెట్టెలో తెచ్చినవన్నీ ఇచ్చేశాను. మనసులో తెచ్చిన మాట మాత్రం అలాగే ఉంది. నా బాధ పోలేదు. ఇప్పటికీ లేదు. కాని అది ఈ ఊరు చేసిన నేరం కాదని తెలిసింది.

"పెరటి గుమ్మం పక్కన కరివేపాకు బతుకుతుందేమో చూడమ్మా" అన్నాను. అమ్మాయి నా చేయి పట్టుకుంది. చలికాలంలో కుండీని లోపల పెట్టుకుంటానంది.

ఇంటికి వచ్చిన వారానికి మా ఊరి ఉన్నత పాఠశాలకు వెళ్ళాను. గ్రంథాలయం గదిలో ఒక బీరువా అర కావాలని ప్రధానోపాధ్యాయుడిని అడిగాను. ఆయన ఎందుకని అడగలేదు. ఇత్తడి బిళ్లను అందులో పెట్టి, అది ఏమిటో ఒక కాగితం మీద నాలుగు వాక్యాలు రాశాను. నెల తిరగకముందే ఒక రైతు తన తాతగారి చెరకు పాసు పుస్తకం తెచ్చి ఇచ్చాడు. మరొకరు మిల్లు ముందు పనివారంతా నిలబడి దిగిన ఫోటో తెచ్చారు. అందులో రెండవ వరుసలో నేను ఉన్నాను. నా పక్కన నిలబడిన వారి పేర్లు ఇప్పుడు ఒక్కొక్కటే రాస్తున్నాను. తెలియని పేర్లు అడిగి తెలుసుకోవడానికి బుధవారం సంతకు వెళుతున్నాను.